రొట్టెల కొట్టుకు రేడియో తెచ్చిన మనిషి

మన సంఘం స్వర్ణోత్సవ సంచికకు ప్రకటనలు తెచ్చే పని కమిటీ వాళ్లు నాకు అప్పగించారు. నలభై ఏళ్లు ప్రకటనల వ్యాపారంలోనే బతికాను కాబట్టి కాదనలేకపోయాను. రసీదు పుస్తకం జేబులో పెట్టుకుని ఖైరతాబాద్ చౌరస్తాలో మొదలుపెట్టి చింతల్ బస్తీ, సోమాజీగూడ, పంజగుట్ట మీదుగా అమీర్‌పేట దాకా దుకాణం దుకాణం తిరిగాను. పెద్ద షోరూముల్లో మేనేజర్లు మర్యాదగా కూర్చోబెట్టి, బొంబాయిలోనో బెంగుళూరులోనో ఉన్న హెడ్డాఫీసును అడిగి చెబుతామన్నారు. ఇంకా అడుగుతూనే ఉన్నారు. మనం చదువుకున్న రోజుల నుంచీ ఉన్న కిరాణా కొట్టు, టైలరు, మందుల షాపు, గాజుల దుకాణం వాళ్లు మాత్రం గల్లాపెట్టె తెరిచి అక్కడికక్కడే పావు పేజీకో అర పేజీకో డబ్బులిచ్చారు.

ఆ తిరుగుడులో నాకు పదే పదే గుర్తుకొచ్చిన మనిషి ఒకాయన ఉన్నాడు. పేరు ఫ్రెడరిక్ జివ్. అమెరికా రేడియో చరిత్ర రాసిన వాళ్లెవరూ ఆ పేరును దాటి పోలేరు. మన దగ్గర మాత్రం పెద్దగా తెలియదు. ప్రతి సంచికలోనూ ఒక మహనీయుడి జీవితం వేస్తాం కదా, ఈసారి ఆయన గురించి రాయనివ్వండి అని సంపాదకులను అడిగాను. ఆయన దేశభక్తుడు కాదు, శాస్త్రవేత్త కాదు. ఊళ్లలో ఉండే చిన్న దుకాణదారుడికి పెద్ద కంపెనీతో సమానంగా రేడియోలో చోటు ఇప్పించిన వ్యాపారి. ఆయన కథ ఆలస్యంగా తెలుసుకున్నందుకు నాకు ఒక బాధ కూడా ఉంది. అది చివర చెబుతాను.

మాది 1973 పదో తరగతి బ్యాచి. డిగ్రీ అయ్యాక పంజగుట్టలో ఒక చిన్న ప్రకటనల సంస్థలో చేరాను. రికార్డు చేసిన టేపు స్పూళ్లు అట్టపెట్టెలో పెట్టుకుని, సైకిలు మీద ఖైరతాబాద్ రైల్వే గేటు దాటి, సైఫాబాద్ రేడియో స్టేషన్‌లో ఇచ్చి రావడం నా మొదటి ఉద్యోగం. మన పేటకూ రేడియోకూ పాత చుట్టరికమే ఉంది. నిజాం కాలంలో దక్కన్ రేడియో స్టూడియోలు ఉన్నది ఖైరతాబాద్ యావర్ మంజిల్‌లోనే. 1950లో అది ఆకాశవాణిలో కలిసింది. ఆకాశవాణిలో వ్యాపార ప్రకటనలు మాత్రం చాలా ఆలస్యంగా, 1967 నవంబరు 1న బొంబాయి, పుణె, నాగపూర్ వివిధ భారతి కేంద్రాల్లో మొదలయ్యాయి. తరవాత కొన్నేళ్లకు మన ఊరికీ వచ్చాయి. అంతకు ముందు ప్రకటనలున్న కార్యక్రమం వినాలంటే రేడియో సిలోనే దిక్కు. 1952లో మొదలైన బినాకా గీత్‌మాలా బొంబాయిలో రికార్డయి, టేపుగా విమానంలో కొలంబో వెళ్లి, అక్కడి నుంచి షార్ట్‌వేవ్‌లో మన ఇళ్లకు చేరేది. బుధవారం రాత్రి ఇరానీ హోటల్ ముందు నిలబడి అమీన్ సయానీ గొంతు విన్నవాళ్లు ఈ సంచిక చదివేవారిలో చాలామందే ఉంటారు.

ఒకచోట తయారు చేసి, రికార్డు చేసి, ఇంకొక చోట వినిపించడం. ఈ పద్ధతిని వ్యాపారంగా మలిచి, చిన్న ఊళ్ల చిన్న దుకాణాల దాకా తీసుకెళ్లినవాడే జివ్. పదవీ విరమణ తరవాత అమ్మాయి దగ్గర ఆరు నెలలు ఉండిరావడానికి అమెరికా వెళ్లాను. వాళ్లుండేది ఒహాయో రాష్ట్రం, సిన్సినాటి నగరం శివార్లలో. పగలంతా అల్లుడూ అమ్మాయీ ఆఫీసులకు, మనవడు బడికి. నాకు లైబ్రరీయే కాలక్షేపం. పాత రేడియో మీద పుస్తకాలు తిరగేస్తుంటే ఆ ఊరివాడే అయిన జివ్ కనబడ్డాడు.

ఆయన 1905 ఆగస్టు 17న సిన్సినాటిలో పుట్టాడు. మిషిగన్ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదివాడు. పట్టా తీసుకున్నాడు గానీ వకాలత్ చేయలేదు. సొంత ఊరికి తిరిగొచ్చి ప్రకటనల సంస్థ పెట్టుకున్నాడు. మనిషికి సాహిత్యం మీద మనసుండేది. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన కవుల కవితలన్నీ ఏరి 1936లో ఒక సంకలనంగా అచ్చు వేయించాడు. తరవాతి కాలంలో దొంగల కథలూ గుర్రపు స్వారీ కథలూ టోకున అమ్మినవాడు ఇలాంటి పుస్తకం తెచ్చాడంటే మొదట నేను నమ్మలేదు. ఇద్దరు జివ్‌లు ఉన్నారేమో అనుకున్నాను. ఒక్కడే.

ఆ రోజుల్లో సిన్సినాటి మామూలు ఊరు కాదు. ప్రపంచానికి సబ్బులమ్మిన ప్రాక్టర్ అండ్ గాంబుల్ కంపెనీ పుట్టిల్లు అదే. డబ్ల్యూ.ఎల్.డబ్ల్యూ. అనే రేడియో కేంద్రం కూడా అక్కడే ఉండేది. 1934 నుంచి 1939 దాకా ఆ కేంద్రం అయిదు లక్షల వాట్ల శక్తితో ప్రసారం చేసింది. అమెరికాలో మరే కేంద్రానికీ అంత శక్తి ఇవ్వలేదు. ఆ సబ్బుల కంపెనీయే 1933లో ఆ కేంద్రంలో మా పెర్కిన్స్ అనే ధారావాహిక మొదలుపెట్టింది. మధ్యాహ్నం వేళ ఇల్లాళ్లు వినే అలాంటి నాటకాలకు సబ్బుల కంపెనీలు డబ్బులు పెట్టేవి కాబట్టే వాటికి సోప్ ఆపెరా అన్న పేరు స్థిరపడింది. ఇవాళ మనం టీవీ సీరియల్ అంటున్నది దాని మనవరాలే.

అక్కడ పద్ధతి ఎలా ఉండేదంటే, న్యూయార్కులో ఉండే రెండు మూడు పెద్ద నెట్‌వర్కులు కార్యక్రమాలను టెలిఫోన్ తీగల మీద దేశమంతటి స్టేషన్లకు పంపేవి. ఖర్చంతా పెద్ద కంపెనీలు భరించేవి. మంచి రచయితలు, పేరున్న నటులు, పాతికమంది వాద్యకారులు, అంతా వాళ్ల దగ్గరే. ఊళ్లో ఉన్న రొట్టెల బేకరీ, ఫర్నిచర్ దుకాణం, స్థానిక బ్యాంకు అంత ఖర్చు ఎక్కడ పెట్టగలవు? వాళ్లకు మిగిలేది అనౌన్సర్ గడగడా చదివేసే రెండు వాక్యాలు, ఎవరూ వినని వేళల్లో. ఊరి రేడియోలోనే ఊరివాడికి చోటు లేకుండా పోయింది.

జివ్ దగ్గరికి వచ్చేది ఇలాంటి చిన్న వ్యాపారులే. వాళ్లలో ఒకరు రూబెల్ బేకరీ వాళ్లు. వాళ్ల రొట్టెల కోసం ఆయన ఒక కార్యక్రమం తయారు చేయించాడు. దాని పేరును మన మాటల్లో చెప్పుకోవాలంటే ఊళ్లోకెల్లా తాజా సరుకు. రొట్టెకూ సరిపోతుంది, కార్యక్రమానికీ సరిపోతుంది. సిన్సినాటిలో అది బాగా నడిచింది. అప్పుడు ఆయనకొక ఆలోచన తట్టింది. ఈ రొట్టెలు సిన్సినాటి దాటి పోవు. పక్క ఊరి బేకరీ వాడు రూబెల్‌కు పోటీ కాడు. ఇదే కార్యక్రమాన్ని రికార్డు చేసి, బేకరీ పేరు మార్చి, ఆ ఊళ్లో ఎందుకు అమ్మకూడదు? ఆ పై ఊళ్లో? అలా 1937 నుంచి ఫ్రెడరిక్ డబ్ల్యూ. జివ్ కంపెనీ అసలు వ్యాపారం మొదలైంది. జాన్ సిన్ అనే రచయిత ఆయనకు తోడయ్యాడు. అమ్మకం జివ్‌ది, తయారీ సిన్‌ది అన్నట్టు ఇద్దరూ చివరిదాకా కలిసి నడిపారు.

ఆ లెక్క మన ఖైరతాబాద్ వాళ్లకు విడమర్చి చెప్పనక్కర లేదు. 1954లో ఒక్క అడుగు వినాయకుడితో మొదలుపెట్టి, ఏటా ఒక అడుగు పెంచుకుంటూ ఆకాశమంత విగ్రహాన్ని నిలబెట్టిన పేట మనది. అంత విగ్రహం ఏ ఒక్కరి వల్లా కాదు, పదిమంది చేయి కలిస్తేనే అవుతుంది. జివ్ లెక్క ఇంకొంచెం తమాషాగా ఉంటుంది. మాటవరసకు ఒక కార్యక్రమం తయారీకి పదివేలు అవుతుందనుకోండి. ఒక్క బేకరీ అంత పెట్టలేదు. వంద ఊళ్లలో వంద బేకరీలు తలా నూటయాభై ఇస్తే ఖర్చు పోను అయిదువేలు మిగులుతుంది. మన వినాయకుడు ఒక్కచోటే ఉంటాడు. జివ్ వినాయకుడు మాత్రం వంద ఊళ్లలో ఒకేసారి నిలబడతాడు. ప్రతి ఊరివాళ్లూ వాడు మా వీధి వినాయకుడే అనుకుంటారు.

అలా అనుకునేటట్టు చేయడంలోనే ఆయన పనితనమంతా ఉంది. కార్యక్రమాన్ని పదహారు అంగుళాల వెడల్పున్న పెద్ద రికార్డుల మీద నింపేవాళ్లు. నిమిషానికి ముప్పైమూడు చుట్లు తిరిగే ఆ రికార్డు ఒక్కో వైపు పదిహేను నిమిషాలు వచ్చేది. మొదట్లో, మధ్యలో, చివర్లో ఖాళీ వదిలేవాళ్లు. ఆ ఖాళీలో ఆ ఊరి స్టేషన్ అనౌన్సర్ మైకు దగ్గరికి వచ్చి, ఈ నాటకం సమర్పిస్తున్నవారు ఫలానా వీధిలోని ఫలానా బేకరీ అని చదివేవాడు. నాటకంలో వేసింది హాలీవుడ్ నటుడు, సమర్పించింది మన వీధి చివరి కొట్టు. వినేవాళ్లకు ఆ కొట్టు మీద గౌరవం అమాంతం పెరిగిపోయేది. ఒక ఊళ్లో ఒక కార్యక్రమం ఒక్కరికే ఇచ్చేవాడు, పోటీదారుకు ఇచ్చేవాడు కాదు. ధర కూడా ఊరి జనాభాను బట్టి ఉండేది. పెద్ద నగరంలో ఎక్కువ, పల్లెటూరి స్టేషన్‌కు తక్కువ. సరుకు ఒకటే. ఇచ్చుకోగలిగినవాడు ఎక్కువిస్తాడు, లేనివాడు తక్కువిస్తాడు.

పెద్ద నెట్‌వర్కులకు ఇది కంటగింపుగానే ఉండేది. రికార్డు చేసినదాన్ని ప్రసారం చేయడం అక్కడ నామోషీగా చూసేవాళ్లు. ఎన్.బి.సి., సి.బి.ఎస్. రెండూ తమ నెట్‌వర్కులో రికార్డులు వేయకూడదని నియమం పెట్టుకున్నాయి. 1937లో హిండెన్‌బర్గ్ అనే ఆకాశనౌక మంటల్లో కూలిపోయినప్పుడు అక్కడున్న వ్యాఖ్యాత గొంతును రికార్డు మీద వినిపించడానికి ఆ నియమాన్ని సడలించాల్సి వచ్చింది. శ్రోతలకు సజీవ ప్రసారమే స్వచ్ఛమైనది, రికార్డు చద్దన్నం అన్న భావన అంతగా పాతుకుపోయింది. 1946లో బింగ్ క్రాస్బీ అంతటి గాయకుడు తన కార్యక్రమాన్ని ముందే రికార్డు చేసి ఏ.బి.సి.లో ప్రసారం చేయించాకే ఆ పట్టింపు వదులుతూ వచ్చింది. అప్పటికి జివ్ దాదాపు పదేళ్లుగా ఆ చద్దన్నమే వేడిగా వడ్డిస్తున్నాడు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసే నాటికి ఆయన ధైర్యం పెరిగింది. బోస్టన్ బ్లాకీ అనే దొంగ మారిన డిటెక్టివ్ కథలను 1945 నుంచి రెండు వందలకు పైగా భాగాలుగా తీశాడు. సిస్కో కిడ్ అనే గుర్రపు వీరుడి కథలను ఏళ్ల తరబడి నడిపాడు. అది కొన్నవాళ్లలోనూ రొట్టెల వాళ్లు చాలామంది. సాయంత్రం పిల్లలు సిస్కో కిడ్ వింటారు, పొద్దున తల్లి రొట్టె కొంటుంది. రొనాల్డ్ కోల్మన్ అనే గొప్ప నటుడితో ప్రపంచ ప్రసిద్ధ కథలను నాటకాలుగా చేయించి వినిపించిన కార్యక్రమం కూడా ఆయనదే. ప్రతి కథా ఎవరో ఒక ప్రముఖుడు తనకు ఇష్టమని ఎంచుకున్నది. వాటికి మాటలు రాసిన జెరోమ్ లారెన్స్, రాబర్ట్ లీ జంట తరవాత అమెరికా నాటకరంగంలో పెద్ద పేరు తెచ్చుకుంది. కాలేజీ చదువు లేని ఏ చిన్న ఊరి మనిషో ఆ ఊరి ఫర్నిచర్ దుకాణం పుణ్యమా అని మహా రచయితల కథలు విన్నాడు. మన ఉపాధ్యాయులు ఈ ముక్క గమనించాలి.

1951లో ఇంకా పెద్ద పని చేశాడు. హంఫ్రీ బొగార్ట్, లారెన్ బకాల్ దంపతులు అప్పుడు హాలీవుడ్ శిఖరం మీద ఉన్నారు. వాళ్లిద్దరితో బోల్డ్ వెంచర్ అనే సాహస కథలు డెబ్బై ఎనిమిది భాగాలు చేయించాడు. కథ జరిగేది హవానాలో. అంతటి తారలను ఒక ఊరి దుకాణం పిలవగలదా? నాలుగు వందలకు పైగా స్టేషన్లు కొన్నాయి కాబట్టి పిలవగలిగింది. అప్పటికి టేపు రికార్డింగు వచ్చేసింది. తారలు ప్రతివారం ఒకే గంటకు స్టూడియోలో ఉండాల్సిన బాధ తప్పింది. సినిమా షూటింగుల మధ్య వీలు చూసుకుని నాలుగైదు భాగాలు ఒకేసారి చదివేసి పోవచ్చు.

ఇక్కడిదాకా చదివి ఆయన్ని దేవుణ్ని చేసేయకండి. మచ్చ కూడా చెప్పాలి. 1952లో ఆయన తెచ్చిన ఇంకొక కార్యక్రమం ఐ వాజ్ ఎ కమ్యూనిస్ట్ ఫర్ ది ఎఫ్.బి.ఐ. కమ్యూనిస్టు పార్టీలో చేరినట్టు నటించి రహస్యాలు పోలీసులకు చేరవేసిన మ్యాట్ స్వెటిక్ అనే వ్యక్తి అనుభవాల మీద అల్లిన కథలు. డానా ఆండ్రూస్ ముఖ్య పాత్ర వేశాడు. ఇదీ డెబ్బై ఎనిమిది భాగాలే. అమెరికాలో సెనేటర్ మెకార్తీ పేరు చెబితే రచయితలూ నటులూ వణికిన రోజులవి. పక్కింటివాణ్ని అనుమానించమని చెప్పే నాటకం వందల ఊళ్లలో వినబడింది. దాన్ని సమర్పించిన స్థానిక బ్యాంకుకో కంపెనీకో దేశభక్తుడన్న పేరు ఉచితంగా దక్కింది. తెలంగాణ సాయుధ పోరాటం రోజుల్లో కమ్యూనిస్టులకు అన్నం పెట్టినవాళ్లూ, వాళ్లంటే భయపడినవాళ్లూ మన కుటుంబాల్లో ఇద్దరూ ఉన్నారు కాబట్టి అలాంటి కాలం ఎలా ఉంటుందో మనకు తెలుసు. భయాన్ని సరుకు చేసి అమ్మడం తేలిక. జివ్ ఆ తేలిక పని చేశాడు. విచిత్రమేమంటే ఆయనే ఏడాది ముందు పనిచ్చిన బొగార్ట్ దంపతులు, 1947లో ఆ వేధింపులకు వ్యతిరేకంగా వాషింగ్టన్ వెళ్లి నిలబడ్డవాళ్లు. ఆయన రాజకీయం ఏమిటో నాకు అంతుబట్టలేదు. వ్యాపారికి జనం ఏది వింటే అదే రాజకీయం అయి ఉంటుంది. నేనూ ఆ వృత్తిలోనే ఉన్నవాణ్ని కాబట్టి రాయి విసరలేను, అలాగని దాచలేను.

రేడియో రాజ్యం ఎంతోకాలం నిలవదని ఆయన ముందే పసిగట్టాడు. 1948లోనే టెలివిజన్ కోసం వేరే కంపెనీ పెట్టాడు. సిస్కో కిడ్‌ను టీవీకి తీసేటప్పుడు రంగుల్లో తీయించాడు. అప్పుడు ఇళ్లలో ఉన్నవన్నీ నలుపు తెలుపు టీవీలే. చూసేవాళ్లకు రంగు కనబడదు, ఖర్చు మాత్రం ఎక్కువ. అయినా తీశాడు. రంగుల టీవీలు వచ్చాక పాత నలుపు తెలుపు బొమ్మలు మూలపడితే, సిస్కో కిడ్ మళ్లీ మళ్లీ అమ్ముడుపోయింది. హైవే పెట్రోల్, సీ హంట్ కూడా ఆయన కంపెనీవే. సముద్రం అడుగున ఈదే వీరుడి కథ సీ హంట్. దాన్ని నెట్‌వర్కులు వద్దన్నాయి. అలవాటైన దారినే ఊరూరా అమ్ముకుని, నాలుగేళ్లు నడిపి గెలిచాడు.

కానీ 1950లు ముగిసే నాటికి టీవీలో కూడా మంచి వేళలన్నీ నెట్‌వర్కుల చేతికి వెళ్లిపోయాయి. ఊరి స్టేషన్ దగ్గర అమ్ముకోవడానికి సమయమే మిగల్లేదు. సమయం లేనప్పుడు ఊరి వ్యాపారికి జివ్ ఏం అమ్ముతాడు? 1959లో కంపెనీలో అధిక భాగం అమ్మేశాడు. 1960లో మిగిలింది కూడా యునైటెడ్ ఆర్టిస్ట్స్ చేతికి వెళ్లింది. అప్పటికి ఆయన వయసు యాభై అయిదు.

ఆ తరవాత చేసిన పనే నాకు అన్నిటికన్నా నచ్చింది. డబ్బున్నవాడు, ఎక్కడైనా ఉండగలిగినవాడు, హాలీవుడ్ వైపు చూడకుండా సొంత ఊళ్లోనే ఉండి సిన్సినాటి విశ్వవిద్యాలయంలో ప్రసార రంగం పాఠాలు చెప్పాడు. ఏళ్ల తరబడి చెప్పాడు. తన కంపెనీ స్క్రిప్టులు, రికార్డులు ఆ విశ్వవిద్యాలయానికి ఇచ్చేశాడు. 2001 అక్టోబరు 13న తొంభై ఆరేళ్ల వయసులో చనిపోయాడు. పుట్టిన ఊళ్లోనే వ్యాపారం పెట్టి, ఆ ఊరి పిల్లలకే చదువు చెప్పినవాడు.

ఇప్పుడు నా బాధ చెబుతాను.

మన బడిలో నా పక్కన కూర్చున్న మిత్రుడి తండ్రికి చింతల్ బస్తీలో బేకరీ ఉండేది. పొద్దున్నే బడికి వస్తుంటే ఆ సందులో డబల్ రొట్టె వాసన వచ్చేది. మధ్యాహ్నం బెల్లు కొట్టగానే విరిగిన ఖారా బిస్కట్లు పది పైసలకు పొట్లం కట్టి ఇచ్చేవారు. ఆ పొట్లం తినని మా బ్యాచి వాళ్లు లేరు. ఆయన్ని మేమంతా చాచా అనేవాళ్లం. ఎనభయ్యో దశకం మొదట్లో పెద్ద కంపెనీల బ్రెడ్డు మైనం కాగితంలో చుట్టి కిరాణా కొట్లకే వచ్చేయడం మొదలైంది. రేడియోలో వాళ్ల పాట మోగేది. చాచా నన్ను పిలిచి, నువ్వు రేడియో ఆఫీసుకు పోతావు కదా బేటా, మన బేకరీ పేరు కూడా రేడియోలో వచ్చేటట్టు చేయమన్నారు.

చేశాను. పది సెకన్ల ప్రకటన, రెండు వారాలు. ఆయన ఓవెన్ మరమ్మతు కోసం దాచుకున్న డబ్బు అది. పది సెకన్లలో బేకరీ పేరు, వీధి పేరు చెప్పేసరికి అయిపోయేది. మొదటిరోజు చాచా దుకాణంలో రేడియో పెట్టి, వచ్చినవాళ్లందరికీ వినిపించారు, దిల్‌పసంద్ పంచారు. రెండు వారాలయ్యాక ఎవరికీ గుర్తు లేదు. నాకు మాత్రం కమీషన్ వచ్చింది. అది పనిచేయదని నాకు అప్పుడే తెలుసు. పది సెకన్లు పెద్ద కంపెనీకి పనికొస్తాయి, ఎందుకంటే వాళ్లు ఏడాది పొడుగునా వేస్తారు. చాచాకు ఆ మాట చెప్పలేదు. చెబితే కమీషన్ పోతుందని కొంత, ఆయన ముచ్చట కాదనలేక కొంత. మరి నాలుగేళ్లకు బేకరీ మూతపడింది. నా ప్రకటన వల్ల మూతపడిందని కాదు. కానీ ఆ ఓవెన్ డబ్బు నా చేతి మీదుగా గాలిలో కలిసింది.

సిన్సినాటి లైబ్రరీలో జివ్ కథ చదివిన రోజు నేను పుస్తకం మూసేసి చాలాసేపు అలాగే కూర్చున్నాను. వరంగల్‌లో ఒక చాచా ఉన్నాడు. విజయవాడలో, కర్నూలులో, నిజామాబాద్‌లో ఉన్నారు. ఒకరి రొట్టె ఇంకొకరి ఊరికి రాదు, పోటీ లేదు. అందరినీ కలిపి ఒక పావుగంట హాస్య నాటకమో పిల్లల కథో తయారు చేయించి, వారానికొకటి తలా కాస్త వేసుకుని నడిపే ప్రయత్నమైనా చేయవచ్చు. ఆకాశవాణి నియమాలకు ఎంతవరకు కుదిరేదో, ఎంతమంది ముందుకొచ్చేవారో అది వేరే మాట. మేము ఆ దిశగా ఆలోచించనే లేదు. సిన్సినాటిలో నాకన్నా నలభై ఏళ్ల ముందే ఒకాయన చేసి చూపించిన పని అది. పెద్దవాళ్లకు స్పాట్లు అమ్ముకుని, చిన్నవాళ్ల దగ్గర కూడా అదే అమ్మి, ఇదే వ్యాపారం అనుకున్నాం.

అందుకే ఈసారి రసీదు పుస్తకం పట్టుకుని తిరిగినప్పుడు ప్రతి దుకాణంలోనూ ఒక మాట చెప్పాను. ఈ పావు పేజీ వల్ల రేపే గిరాకీ పెరగదు, మన బడి పిల్లలు మిమ్మల్ని గుర్తు పెట్టుకుంటారు, అంతే. నిజం చెప్పాక కూడా ఇచ్చారు. నా మిత్రుడికి ఫోన్ చేసి ఇది చెబుతుంటే, వాడు నవ్వి, ఆ సంచికలో తన తండ్రి పేరున కూడా ఒక పావు పేజీ వేయమన్నాడు. దుకాణమే లేదు కదరా అన్నాను. బేకరీ పేరు, వీధి పేరు వేస్తే చాలన్నాడు. డబ్బు వద్దన్నాను, అది నా బాకీ కింద కట్టుకుంటానన్నాను. వాడికి అర్థమైంది. ఏమీ అనలేదు.

మిత్రులారా, సంచిక అందగానే మనం ముందు మన బ్యాచి ఫొటో వెతుక్కుంటాం, తరవాత మన పేరు. ప్రకటనల పేజీలు తిప్పేస్తాం. ఈసారి ఒక్క నిమిషం ఆగండి. ఈ పుస్తకం కాగితం ఖర్చు, అచ్చు ఖర్చు ఆ పేజీల్లో ఉన్నవాళ్లు తలా కాస్త వేసుకున్నదే. వాళ్లలో ఎవరి ఒక్కరి వల్లా ఈ పని కాదు, అందరూ కలిస్తే అయింది. ఫ్రెడరిక్ జివ్ జీవితమంతా చేసి చూపించింది ఆ లెక్కే. పంజగుట్ట వైపు, అమీర్‌పేట వైపు వెళ్లినప్పుడు ఆ దుకాణాల్లో అడుగుపెట్టండి, ఫలానా బడి పాత విద్యార్థినని చెప్పండి. చింతల్ బస్తీ బేకరీకి మాత్రం వెళ్లలేరు. ఆ పావు పేజీ దగ్గరికి వచ్చినప్పుడు పది పైసల ఖారా బిస్కట్ పొట్లం గుర్తుచేసుకోండి, చాలు.